ఛాయాస్తంభం లేని ఊరు

మాచర్ల బస్టాండులో కండక్టర్లు "సాగర్, సాగర్" అని కేకేస్తుంటారు. బస్సెక్కి కృష్ణ కుడిగట్టున దిగితే అక్కడి ఊరి పేరు విజయపురి సౌత్. నాగార్జునసాగర్ డ్యాము కట్టేటప్పుడు పుట్టిన కాలనీ అది. ఆ పేరు మాత్రం అప్పటిది కాదు. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇక్కడికి కాస్త ఎగువన, మూడు వైపులా కొండలూ నాలుగో వైపు కృష్ణా ఉన్న లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని ఉండేది. దాని పేరు విజయపురి. డ్యాము నీళ్ళలో నగరం మునిగిపోయింది. గట్టున ఉన్న క్వార్టర్లకు దాని పేరు పెట్టుకున్నారు. చనిపోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టుకునే ఇళ్ళు నాకు తెలుసు. ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా తల్లి గొంతు ఒక్క క్షణం తడబడుతుంది. విజయపురి అన్న బోర్డు చూస్తే నాకు ఆ గొంతే గుర్తొస్తుంది.

పల్నాడంటే మనకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారెంపూడి. ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఆయుధాలకు మొక్కే నేల ఇది. పల్నాటి యుద్ధం జరిగింది పన్నెండో శతాబ్దంలో. అంతకు తొమ్మిది వందల ఏళ్ళ ముందే ఇదే గడ్డ మీద ఒక మహానగరం వెలిగి ఆరిపోయిందని మా చిన్నప్పుడు మాకెవరూ కథగా చెప్పలేదు. ఆ కథకు వీధి భాగవతం లేదు, పాటకుడూ లేడు. లాంచీ మీద గైడు ఒక్కడే ఉన్నాడు.

ఆ రోజు లాంచీలో ముప్పై మందిమి ఉంటాం. ఓ బడి పిల్లలు, రెండు కుటుంబాలు, ఒక పక్కగా బల్ల మీద తెల్ల పంచెలో ఒక పెద్దాయన. లైఫ్ జాకెట్ బిగించుకోవడం రాక తాళ్ళు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళ మధ్య మిగిలిన కొండకు చేరడానికి దాదాపు గంట పడుతుంది. సగం దూరం వెళ్ళాక గైడు లేచి, చెయ్యి చాపి కిందికి చూపించాడు.

"మనమిప్పుడు నగరం మీదుగా పోతున్నాం సార్."

అందరూ వంగి చూశారు. ఆకుపచ్చ నీళ్ళు, ఇంజను వెనక నురుగు తప్ప ఏమీ లేదు. నేను చాలా ఊళ్ళు గైడ్ల వెంట తిరిగాను. గోడో గుమ్మమో చూపించి కథ చెబుతారు. చూపించడానికి ఏమీ లేకుండా చెయ్యి చాపిన గైడును ఇక్కడే చూశాను. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.

ఆ చెయ్యి పట్టుకునే కిందికి దిగుదాం.

ముందు నదీ తీరం, రాతి మెట్ల ఘట్టం. పల్నాటి సున్నపురాయిని పలకలుగా కోసి పేర్చిన మెట్లు. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న రాయి, ఉలికి వెన్నలా లొంగుతుంది. ఆ రాయిని ఇవ్వాళ పిడుగురాళ్ళలో బట్టీల్లో కాల్చి సున్నం చేస్తున్నాం. ఆనాడు దాని మీదే బుద్ధుడి జాతక కథలు చెక్కారు. మెట్లెక్కితే కోట గోడ, దాని చుట్టూ కందకం. కోటలో రాజు స్నానమాడిన కొలను: మొదటి రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసి అవభృథ స్నానం చేసిన చోటని పురావస్తు శాఖ వాళ్ళు గుర్తించారు. బజారులో ఒక కంసాలి ఇల్లు దొరికింది. బంగారం కరిగించే మూసలు, నగలు పోసే అచ్చులు, గీటురాయి అతను వదిలిపెట్టిన చోటే ఉన్నాయి. గీటురాయి వదిలి కంసాలి ఎందుకు పోతాడు? వదలక తప్పనప్పుడే పోతాడు.

ఇంకాస్త ముందుకు పోతే కొండ వాలున రంగస్థలం. నడుమ దీర్ఘచతురస్రంగా ఆట జరిగే నేల, నాలుగు వైపులా ఎత్తుగా లేచే రాతి మెట్లు. వెయ్యి మంది దాకా కూర్చోవచ్చు. ఇలాంటి కట్టడం మన దేశంలో మరెక్కడా బయటపడలేదు. రోము నగరపు ఆటస్థలాలు చూసినవాడో, వాటి గురించి విన్నవాడో ఎవడో దీని వెనక ఉండి ఉంటాడని చాలామంది నమ్ముతారు. నమ్మడానికి ఆస్కారమూ ఉంది. రాజప్రాసాదపు స్తంభాల మీద ఒక చోట పొడుగు అంగీ, టోపీ పెట్టిన శక సైనికుడు ఈటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకో చోట ఒక గడ్డపు మనిషి కొమ్ము పాత్ర పట్టుకుని ఉన్నాడు. అది రోమన్ల మద్య దేవత పోలిక. తవ్వకాల్లో తిబేరియస్ చక్రవర్తి బంగారు నాణెం దొరికింది. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి రాణి, ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధరభట్టారిక, మహాచైత్యమనే పెద్ద స్తూపానికి రాతి స్తంభం నిలబెట్టి 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు శాసనం ఉంది. దీనారి అంటే రోమన్ల దెనారియసే. కృష్ణ ముఖద్వారంలోని రేవుల్లో ఓడ దిగిన సొమ్ము, నది వెంట ఎగువకు వచ్చి, పల్నాటి లోయలో స్తూపాలై నిలబడింది.

నగరం ఇంత వేగంగా లేవడానికి ఆ సొమ్ము ఒక కారణం. రెండో కారణం ఆడవాళ్ళు.

ఇక్ష్వాకు రాజులు వైదికులు, యజ్ఞాలు చేసినవాళ్ళు. వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధులు. రాజుల పేర్ల ముందు తల్లుల గోత్రాలుంటాయి: వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి, అంటే వీరపురుషదత్తుడి మేనత్త, అతని పాలన ఆరో సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. దాని అడ్డుకొలత 106 అడుగులు. లోపల ఇటుక గోడలు బండి చక్రానికి ఆకులున్నట్టు నడిబొడ్డు నుంచి అంచుదాకా పరుచుకుని ఉంటాయి. బయట నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. అవి బుద్ధుడి పుట్టుక నుంచి నిర్యాణం దాకా అయిదు ఘట్టాలకు గుర్తు. ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్ళు బాపిసిరినిక, ఛఠిసిరి. ఇద్దరినీ వీరపురుషదత్తుడే పెళ్ళాడాడు. మేనరికం మన ఇళ్ళలో ఎప్పటి నుంచి ఉందని ఎవరైనా అడిగితే ఈ రాళ్ళు చూపించవచ్చు.

రాజకుటుంబం కాని ఆడవాళ్ళూ కట్టించారు. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువులు బౌద్ధం వైపు తిప్పిన దేశాలన్నీ ఆమె శాసనంలో వరసగా ఉన్నాయి: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, తమిళ దేశం, తామ్రపర్ణి ద్వీపం. మాచర్ల దగ్గరి లోయలో కూర్చున్న ఒక గృహిణికి ప్రపంచ పటం నోటికొచ్చు. తమలపాకుల వాళ్ళకు ఒక శ్రేణి, అప్పాలు వండేవాళ్ళకు ఒక శ్రేణి ఉండేవి. గుడికో విహారానికో ఇచ్చిన సొమ్మును ఆ శ్రేణుల దగ్గర వేస్తే వడ్డీతో నిర్వహణ జరిగేది. అసలు ఎప్పటికీ తరగకూడదు. అందుకే దానికి అక్షయనీవి అని పేరు.

అక్షయం అనుకున్నది నూరేళ్ళు నిలిచింది.

ఎలా పడిపోయిందో వివరంగా రాసినవాడు లేడు. అక్కడక్కడా నాలుగు రాళ్ళు మాట్లాడతాయి. వీరపురుషదత్తుడి తర్వాత కొంత కాలానికి ఆభీర రాజు వసుషేణుడి పేరుతో, అతని ముప్పయ్యో పాలనా సంవత్సరంలో వేసిన శాసనం ఈ లోయలోనే ఉంది. మరొకరి పాలనా సంవత్సరం మన గడపలో చెక్కి ఉందంటే ఇంటి పెత్తనం ఎంత బలహీనపడిందో ఊహించుకోవచ్చు. అదే శతాబ్దంలో రోము సామ్రాజ్యం అంతర్యుద్ధాల్లో చిక్కుకుని, దాని నాణెంలో వెండి పలచబడుతూ వచ్చింది. ఓడలు తగ్గాయి. వీరపురుషదత్తుడి కొడుకు ఎహువుల చాంతమూలుడి కాలంలో గుళ్ళు కట్టడం మళ్ళీ జోరుగా సాగింది, కార్తికేయుడికీ శివుడికీ ఆలయాలు లేచాయి. తర్వాత రుద్రపురుషదత్తుడు. అతనితో వంశం కనబడకుండా పోతుంది. పల్నాడులోనే మంచికల్లులో పల్లవ సింహవర్మ శాసనం దొరికింది. పల్లవుల తొలి శాసనాల్లో అదొకటి. కొత్త ఏలికలు ఈ గడ్డ తొక్కేశారని అది చెబుతుంది.

నన్ను ఎక్కువగా కదిలించేది మరో రాయి. రుద్రపురుషదత్తుడి పదకొండో సంవత్సరంలో వమ్మభట అనే మహాదేవి పేర ఛాయాస్తంభం నిలిపారు. ఆమె రాజమాత, ఒక మహాక్షత్రపుడి కూతురు. ఆ వంశపు చివరి శాసనాల్లో ఇదొకటి. పోయినవాళ్ళ కోసం పాతే రాయిని అప్పటివాళ్ళు ఛాయాస్తంభం అన్నారు. ఛాయ అంటే నీడ. మనిషి పోయాక నీడ మిగలాలని రాయి పాతారు. రాజ్యం కుప్పకూలేముందు రాజు చేసిన పనుల్లో మనకు తెలిసినది, తల్లి నీడను నిలబెట్టుకోవడం.

ఈ లోయ నిండా అలాంటి రాళ్ళు దొరికాయి. యుద్ధంలో చచ్చిన సైనికుడికి ఒకటి. పనివాళ్ళ పెద్దకు ఒకటి. మొదటి రాజు చాంతమూలుడికి ఆయన తల్లులూ అక్కచెల్లెళ్ళూ భార్యలూ కలిసి, కొడుకు పాలన ఇరవయ్యో ఏట ఒక స్తంభం నిలిపి దాని మీద తమ పేర్లన్నీ చెక్కించుకున్నారు. ఇంటి ఆడవాళ్ళంతా వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు పేరు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది అది చదువుతుంటే. కారెంపూడిలో వీరుల గుడి ముందు నిలబడ్డప్పుడు ఈ రాళ్ళు తలపుకొస్తాయి. పోయినవాళ్ళను రాయిగా మార్చి పక్కనే ఉంచుకోవడం పల్నాడుకు కొత్త విద్య కాదు.

ఆ తర్వాత పదహారు వందల ఏళ్ళ మౌనం. కొండ మీద ఒక కోట లేచింది, చేతులు మారింది, పాడుపడింది. లోయలో జొన్న, సజ్జ పండించుకునే పల్లెలు, చెంచు గూడేలు, తండాలు. పశువుల కాపరులు సున్నపురాతి స్తంభాలకు ఒంటి దురద గీక్కునే గేదెల్ని చూస్తూ పెరిగారు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక పాతకాలపు స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసన విభాగం నుంచి సరస్వతి అనే తెలుగు సహాయకుడు వచ్చి చూశాడు. నగరం మళ్ళీ వెలుగులోకి వచ్చింది ఒక బడిపంతులు చూపు వల్ల. తర్వాత పురావస్తు శాఖ తరఫున లాంగ్‌హర్‌స్ట్ తవ్వాడు. మహాచైత్యంలో వెండి భరిణ, దానిలో బంగారు భరిణ, దానిలో చిన్న ఎముక ముక్క దొరికాయి. ఆ ధాతువు ఇప్పుడు సారనాథ్ మూలగంధకుటీ విహారంలో ఉంది. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్ళీ తవ్వాడు.

ఆ తర్వాతే ఆనకట్ట వచ్చింది.

దీని గురించి నేను తేలిగ్గా రాయలేను. పల్నాడుకు నీళ్ళు లేని బాధ ఎలాంటిదో శ్రీనాథుడి చాటువుల నాటి నుంచీ లోకానికి తెలుసు. వరి అన్నం పండగనాటి మాట. జొన్నకూడు, సజ్జ సంకటి రోజూ తినేవి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. కుడికాలువ నీళ్ళు మొదటిసారి పొలంలోకి వచ్చిన రోజు మా పెద్దవాళ్ళు పసుపు కుంకుమ చల్లి దండం పెట్టారు. నేను తిన్న ప్రతి ముద్దా ఆ నీటిదే. విజయపురి మునిగితేనే మాకు అన్నం వచ్చింది. అది తెలిసి తినడం వేరు, తెలియక తినడం వేరు.

నీళ్ళు రాకముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ వాళ్ళు లోయ మొత్తం తవ్వారు. వందకు పైగా చోట్ల తవ్వకాలు, ముప్పై దాకా బౌద్ధ కట్టడాలు. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు గుళ్ళదాకా అన్నీ ఒకే లోయలో. ఆ ఆరేళ్ళ పనిని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. తవ్వుతున్న ప్రతి అడుగూ నీళ్ళ కిందికి పోయేదేనని తెలిసే తవ్వారు. రోగి బతకడని తెలిసి కూడా పక్కన కూర్చుని చివరి మాటలు రాసుకున్నట్టు. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా లెక్కవేసి విప్పి కొండ మీదికీ, ఇటు గట్టున ఉన్న అనుపుకూ తెచ్చి మళ్ళీ కట్టారు. నది ఘట్టాన్ని కూడా కొండెక్కించారు. మెట్ల పాదాల దగ్గర నది లేని ఘట్టం ఇప్పుడది. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. కొండ ద్వీపమైంది.

లాంచీ గట్టుకు తగిలింది. మ్యూజియంలో చాలా ఉన్నాయి: నిలువెత్తు బుద్ధుడు, మాంధాత జాతకపు పలకలు, ఆ శక సైనికుడు. నేను మాత్రం ఒక చిన్న రాయి దగ్గర ఆగిపోయాను. పై సగం విరిగిపోయిన స్త్రీమూర్తి. నడుము కింది భాగం మిగిలింది. మోకాళ్ళు మడిచి, కాళ్ళు ఎడంగా చాపిన మాతృమూర్తి. నడుము చుట్టూ మేఖల పూసలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడతాయి. వేళ్ళతో లెక్కపెట్టవచ్చు. దాని మీద శాసనం: ఎహువుల చాంతమూలుడి మహాదేవి ఖందువుల చేయించింది. ఆమె తన గురించి రెండు మాటలు చెప్పుకుంది: అవిధవ, జీవపుత్ర. భర్త ఉన్నాడు, బిడ్డ బతికున్నాడు. ఇప్పుడు కూడా పల్లెల్లో నోము పట్టే ఆడవాళ్ళు కోరుకునేది ఆ రెండే. ఆమె కోరుకున్నవి ఆమెకు దక్కాయి, రాయి మీద ఎక్కించుకుంది. తర్వాత ఒకటి రెండు తరాల్లో వంశమే పోయింది.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన పక్కన చోటు దొరికింది. మ్యూజియం చూశారా అని అడిగాను.

"చూళ్ళేదయ్యా. మెట్టు ఎక్కలేను. నేను ఈ నీళ్ళ కోసమే వచ్చా."

ఆయనది ఈ నీళ్ళ కింది పల్లె. లేచిపొమ్మన్నప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లాడు. బండ్ల మీద సామాను వేశారు, దూలాలు, తలుపులు, గుమ్మాలు ఊడదీసి వేశారు, గోడలు వదిలేశారు. నాయనమ్మ బండెక్కనంది. పొయ్యిలో నిప్పు ఉండగా ఇల్లు ఎట్లా వదిలేదని కూర్చుంది. చివరికి ఆ నిప్పులు కుండలో పెట్టుకుని దిగువకు నడిచింది. కొత్త ఊళ్ళో ఆ నిప్పుతోనే పొయ్యి రాజేసింది.

గైడు ఇదంతా వింటున్నాడు. కుర్రవాడు, ఇరవై అయిదేళ్ళుండవు. "తాతా, మీ ఊరు ఏ పక్క?" అని అడిగాడు. రోజూ ఈ నీళ్ళ మీద రాజుల పేర్లు చెప్పే పిల్లవాడికి ఆ ఊరి పేరు తెలియదు. పెద్దాయనకు చాంతమూలుడి పేరు తెలియదు. ఇద్దరూ ఒకే నీళ్ళు చూస్తున్నారు.

ఇక్ష్వాకుల నాడు పనివాళ్ళ పెద్ద పోతే కూడా ఒక రాయి పాతారు, పేరు చెక్కారు. ఈ పల్లెల మనుషుల పేర్లతో నాకు ఆ దారంతా ఒక్క రాయి కనబడలేదు. మూడో శతాబ్దపు విజయపురి పోయిందని ఏడ్చేవాళ్ళం ఉన్నాం. దాన్ని తవ్వారు, కొలిచారు, పుస్తకాలు వేశారు, కొండెక్కించారు. పొయ్యిలో నిప్పు ఉండగా లేచిన ఊళ్ళను ఎవరూ ఇటుక ఇటుకా విప్పి తేలేదు. నేను కుడికాలువ అన్నం తిన్నవాణ్ణి. ఈ మాట రాయకపోతే నాకు ముద్ద దిగదు.

పెద్దాయన ఎదురుగా ఉన్న కొండ కొసను గుర్తు పట్టాడు. దాని సూటిన వేలు పెట్టి, నీళ్ళ మీద ఊరు మొదలుపెట్టాడు.

"అదుగో, ఆ కొండముక్కుకు ఎదురుగా వేపచెట్టు. చెట్టు దాటంగానే రామాలయం. గుడికి ఈ పక్క కంసాలి వాళ్ళ ఇల్లు, తెల్లారంగానే సుత్తి చప్పుడు వినపడేది. కంసాలి ఇంటి వెనక మా పెదనాయన వాళ్ళు. ఆ పక్క సందు. సందులో మొదటిది మాది. మాకెదురు..."

అక్కడ ఆగాడు. ఎదురింటి పేరు నోటికి రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ వేపచెట్టు నుంచి మొదలుపెట్టాడు. రామాలయం, కంసాలి ఇల్లు, పెదనాయన, సందు, మా ఇల్లు. మళ్ళీ అక్కడే ఆగాడు. గైడు పక్కకు వచ్చి కూర్చుని, చెప్పు తాతా, చెప్పు అంటున్నాడు. విజయపురి రేవు దగ్గరపడుతోంది. డ్రైవరు ఇంజను తగ్గించాడు. పెద్దాయన వేలు నీళ్ళ మీదే ఉంచి, మూడోసారి వేపచెట్టు దగ్గరికి వెళ్ళాడు.